పీహెచ్‌డీకీ పీహెచ్‌సీకీ మధ్య ఎంత దూరం?

తార్నాక మెట్రో స్టేషన్లో దిగి ఒకసారి చుట్టూ చూడండి. ఉప్పల్ రోడ్డు మీద పోతే ఐ.ఐ.సి.టి., ఇంకాస్త ముందుకు పోతే హబ్సిగూడలో సి.సి.ఎం.బి., ఎన్.జి.ఆర్.ఐ. క్యాంపస్ వైపు తిరిగితే జాతీయ పోషకాహార సంస్థ, అదే మనందరం ఎన్.ఐ.ఎన్. అని పిలుచుకునేది. అటే పోతే వందేళ్ళు దాటిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, పక్కనే ఇఫ్లూ. రాయి విసిరితే పీహెచ్‌డీ విద్యార్థికి తగులుతుంది. గురి తప్పితే గైడుకు తగులుతుంది :-)

ఇంత చదువు మధ్యలో, ఇదే తార్నాక చుట్టుపక్కల ఏదో బస్తీలో ఒక పెద్దావిడ బీపీ గోళీలు మానేసిందనుకోండి. ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? ఎందుకు మానేసిందో ఎవరు కనుక్కుంటారు? కనుక్కున్నాక దవాఖానలో ఏం మారాలో ఎవరు చెప్తారు? నేను అడిగిన చోటల్లా ఈ మూడింటికీ ఒకటే జవాబు వచ్చింది: అది మా పని కాదండీ.

నిజమే, ఎవరి పనీ కాదు. డాక్టరు పని వచ్చిన పేషెంటును చూడటం. ఏ.ఎన్.ఎం. పని టీకాలు, రిజిస్టర్లు, మళ్ళీ రిజిస్టర్లు. పరిశోధకుడి పని పేపరు రాయడం. మధ్యలో ఉన్న ఖాళీ పేరే మన ప్రాథమిక వైద్యం.

నేను డాక్టర్ని కాను, పరిశోధకుణ్ణీ కాను. ఇంజనీరింగ్ చదివి, రోజూ తార్నాక నుంచి మాదాపూర్ దాకా వెళ్ళి కోడు రాసుకొచ్చేవాణ్ణి. నీకెందుకయ్యా ఈ గోల అనొచ్చు మీరు. పన్ను కడుతున్నా కాబట్టి అని ఒక జవాబు. ఇంకో జవాబు కింద మా పెద్దమ్మ సంగతి చెప్పేటప్పుడు చెప్తా. ముందు నా కోపం ఎవరి మీదో చెప్పనివ్వండి.

"యువ పరిశోధకులకు శిక్షణ" అనే బ్యానరు చూసే ఉంటారు. ఆడిటోరియం, దీప ప్రజ్వలన, రెండు రోజుల కార్యక్రమం. ఒక సంచీ, ఒక నోట్‌బుక్కు, పని చేయని పెన్ను. మొదటిరోజు పొద్దున పేపరు ఎలా రాయాలి, మధ్యాహ్నం ఏ పత్రికకు ఎలా పంపాలి, రెండోరోజు గణాంకాల సాఫ్ట్‌వేర్. సాయంత్రం సర్టిఫికెట్లు, గ్రూపు ఫొటో. ఇవన్నీ అక్కర్లేదని నేననడం లేదు. పేపరు రాయడం రాకపోతే పరిశోధన చేసి ఏం లాభం? కానీ ఇందులో ఎక్కడా ఒక పీహెచ్‌సీ డాక్టరు స్టేజీ ఎక్కి "మా దగ్గర ఫలానాది ఎందుకు జరగట్లేదో మాకే అర్థం కావట్లేదు, కాస్త చూసి చెప్పండి" అని అడగ్గా నేను వినలేదు. ప్రజారోగ్యం మీద పరిశోధన చేసేవాళ్ళకి ప్రజారోగ్య వ్యవస్థలో పని చేయడం నేర్పించం. ఈత నేర్పిస్తామని చెప్పి నీళ్ళ గురించి పవర్‌పాయింట్ చూపిస్తాం.

ఇలా అంటే "బాబూ, పరిశోధన అంటే స్వేచ్ఛ, ప్రభుత్వ దవాఖానల సమస్యలు తీర్చడం కాదు" అనే పెద్దలు ఉంటారు. అలాంటివాళ్ళకి వాళ్ళ పక్కింటి చరిత్రే గుర్తు చేయాలి.

ఎన్.ఐ.ఎన్. పుట్టింది ఇక్కడ కాదు, 1918లో కూనూర్లో. బెరిబెరి జబ్బు మీద విచారణ కోసం రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టాడు. హైదరాబాదుకు వచ్చింది 1958లో. వచ్చాక అక్కడి శాస్త్రవేత్తలు తార్నాకలో గేటు వేసుకుని కూర్చోలేదు. ఉస్మానియా జనరల్ హాస్పిటల్లో, నీలోఫర్లో వార్డుల్లోకి వెళ్ళి పేషెంట్లను చూశారు. దక్కనులో జొన్నన్నం, జొన్నరొట్టె తిని బతికే పేదవాళ్ళకి పెల్లాగ్రా వస్తోంది. అప్పటిదాకా ప్రపంచం ఆ జబ్బును మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బు అనుకునేది. గోపాలన్, శ్రీకాంతయ్య జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం మీద 1960లో లాన్సెట్‌లో రాశారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది, అది వేరే కథ. నేను చెప్పేది ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందనేది. మంచం మీద పడుకున్న మనిషి నుంచి వచ్చింది.

విటమిన్ ఏ సంగతి ఇంకా బాగుంటుంది. పిల్లల కళ్ళు పోతున్నాయి. రోజూ గుడ్డు, ఆకుకూర పెట్టండి అని చెప్పడం తేలికే, పెట్టేదెవరు? ఒకేసారి పెద్ద మోతాదు నోట్లో పోస్తే శరీరం దాచుకుని వాడుకుంటుందా అని ఎన్.ఐ.ఎన్. వాళ్ళు ఇక్కడి పిల్లల్లోనే పరీక్షించి చూశారు. 1970కల్లా అది జాతీయ కార్యక్రమం అయిపోయింది. ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు, చెంచాతో. మీ చిన్నప్పుడు అంగన్‌వాడీలోనో స్కూల్లోనో ఒక నర్సమ్మ నారింజ రంగు నూనెలాంటిది నోట్లో పోసిందా? అదే ఇది. ప్రయోగశాల నుంచి ఏ.ఎన్.ఎం. చేతిలోని చెంచా దాకా దారి అంత పొట్టిగా ఉండేది. ఆ మోతాదును ఎప్పటికీ అలాగే పోస్తూ ఉండటం సరికాదని, తిండి బాగుచేయాలని చివరి రోజుల్లో గట్టిగా వాదించింది కూడా ఆ గోపాలన్ గారే. ఆయన కూడా 1918లోనే పుట్టారు, నూరేళ్ళు నిండాక 2019లో పోయారు. తమ పని బయట ఏమవుతోందో అంతకాలం చూస్తూ కూర్చున్న మనిషి.

మరి ఇప్పుడు ఆ దారి ఎందుకు ఇంత పొడుగైంది?

నా ఇంటర్ క్లాస్‌మేట్ ఒకడు ఇలాంటి రంగంలోనే పీహెచ్‌డీ చేశాడు. ఏ సంస్థో, ఏ జిల్లానో చెప్పను. వాడి పని పీహెచ్‌సీల్లో షుగర్ పేషెంట్ల రికార్డులు చూడటం. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. తర్వాత జిల్లా వైద్యాధికారి ఆఫీసు నుంచి పర్మిషన్ లెటరు కావాలి. ఫైలు ఒక టేబుల్ మీద నుంచి ఇంకో టేబుల్ మీదకి వెళ్ళేలోపు ఆఫీసరు బదిలీ. కొత్తాయన మళ్ళీ మొదటి నుంచి. పదకొండు నెలలు పట్టింది. తీరా వెళ్తే పీహెచ్‌సీలో వాణ్ణి చూసి అందరూ తనిఖీ కొచ్చాడనుకున్నారు. రిజిస్టర్లు అప్పటికప్పుడు నిండిపోయాయి! వాడు వాటిని ఫొటోలు తీసుకొచ్చి, లెక్కలు వేసి, రెండు పేపర్లు రాశాడు. డాక్టర్ అయ్యాడు. ఇప్పుడు బెంగుళూర్లో మందుల కంపెనీకి డేటా చూస్తున్నాడు.

"ఆ రెండు పేపర్లు ఆ పీహెచ్‌సీ డాక్టరుకి చూపించావారా?" అని అడిగా.

"చూపించాలని ఎవరూ అనలేదురా" అన్నాడు.

వాణ్ణి తిట్టలేను. ఏ నిబంధనలోనూ లేదు మరి. 2022 నవంబర్లో యూజీసీ పీహెచ్‌డీ నియమాలు మార్చింది. థీసిస్ ఇచ్చే ముందు పత్రికలో పేపరు తప్పనిసరిగా వేయాలన్న పాత షరతు తీసేసింది. మంచి పనే, ఆ షరతు వల్ల డబ్బులు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. కానీ తీసేసిన చోట ఏం పెట్టారు? ఏం పెట్టలేదు. ప్రజారోగ్యం మీద పని చేసేవాళ్ళ వరకైనా "నువ్వు కనుక్కున్నది ఎవరికి అప్పగించావు, వాళ్ళు దానితో ఏం చేశారు" అనే ఒక్క పేజీ అడిగి ఉండొచ్చు కదా.

డాక్టర్లకి సంబంధించి ఒక అడుగు పడింది, ఒప్పుకోవాలి. 2020లో జిల్లా రెసిడెన్సీ అని తెచ్చారు. ఎం.డి., ఎం.ఎస్. చేసేవాళ్ళు మూడు నెలలు జిల్లాలో పని చేయాలి. చదవగానే సంతోషమేసింది. తర్వాత నిర్వచనం చూశా. జిల్లా ఆరోగ్య వ్యవస్థ అంటే కనీసం 50 పడకలున్న ప్రభుత్వ ఆసుపత్రి అట. పీహెచ్‌సీలో మామూలుగా ఉండేవి నాలుగో ఆరో. అంటే చిన్నదాన్ని గడప బయటే నిలబెట్టేశారు. పైగా ఇది మెడికల్ పీజీలకి మాత్రమే. పోషకాహారం, గణాంకాలు, సోషల్ వర్కు, బయోకెమిస్ట్రీ, మా కంప్యూటర్ సైన్సు చదివి ఆరోగ్యం మీద పీహెచ్‌డీ చేసేవాళ్ళకి అదీ లేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. వైద్య విద్యార్థులకి మూడు నెలలు నివారణ, సామాజిక వైద్యంలో శిక్షణ ఇచ్చి "సామాజిక వైద్యుల్ని" తయారు చేయాలని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. 1977లో రోమ్ అనే పథకం కింద ఒక్కో మెడికల్ కాలేజీకి మూడేసి పీహెచ్‌సీలు అప్పగించారు. కాగితం మీద మనకి అన్నీ ఉన్నాయి. కాలేజీకి అప్పగించారు కానీ, ఆ పీహెచ్‌సీ బాగుపడిందా లేదా అన్నదానికి కాలేజీలో ఎవరి ప్రమోషనూ ముడిపెట్టలేదు. మా భాషలో చెప్పాలంటే టికెట్ ఓపెన్ చేశారు, ఎవరికీ అసైన్ చేయలేదు.

ఇక్కడ మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీద కూడా ఒక మాట. ఈ ఖాళీని చూడగానే మనవాళ్ళకి చేతులు దురదపెడతాయి. "ఒక యాప్ చేసేద్దాం బాస్!" వద్దు. దయచేసి వద్దు. ఏ.ఎన్.ఎం. చేతిలో ఇప్పటికే అన్ని ఉన్నాయి. తల్లీపిల్లలకి అన్‌మోల్, టీబీకి నిక్షయ్, టీకాలకి యూ-విన్, బీపీ షుగర్లకి ఎన్.సి.డి. యాప్, అంటువ్యాధులకి ఇంకో పోర్టలు. ఇవి కాక కాగితం రిజిస్టరు ఎటూ తప్పదు, ఎందుకంటే తనిఖీకి వచ్చినాయన చూసేది దాన్నే. ఒకే లక్ష్మమ్మ పేరు నాలుగు చోట్ల టైపు చేసే మనిషికి లక్ష్మమ్మ మొహం చూసే టైము ఎక్కడిది?

గోదావరి జిల్లాల కథ వినండి, యాప్ పిచ్చి ఉన్నవాళ్ళు మరీ శ్రద్ధగా. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరిలో 45 ఊళ్ళలో ఎవరు దేనివల్ల చనిపోతున్నారో లెక్క తీశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అని పేరు. సిడ్నీ జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్ కలిసి చేశాయి. (అవును, సత్యం రాజుగారి కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషనే. 2009 జనవరిలో బయటపడ్డ లెక్కలు వేరు, ఈ ఊళ్ళ లెక్కలు వేరు, కంగారు పడకండి.) చావు జరిగిన ఇంటికి వెళ్ళి, కుటుంబాన్ని కూర్చోబెట్టి అడిగి రాసుకున్నది ఊళ్ళో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలే. 1,354 చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. పల్లెటూళ్ళో చావంటే విరేచనాలు, మలేరియా, పురుడు అనుకుంటూ ఉన్నవాళ్ళకి అది పెద్ద దెబ్బ. మన పీహెచ్‌సీలు కట్టింది వేరే జబ్బుల కోసం, జనం పోతున్నది వేరే జబ్బులతో.

దాని తర్వాత అదే పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఇంకో ప్రయోగం. స్మార్ట్‌హెల్త్ అని పేరు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చారు. బీపీ చూసి వివరాలు కొడితే ఎవరికి గుండె జబ్బు ముప్పు ఎక్కువో అదే చెప్తుంది, డాక్టరుకి ఏ మందు ఇవ్వాలో కూడా సూచిస్తుంది. ఫలితాలు 2019లో వచ్చాయి. ఆశాలు పని బ్రహ్మాండంగా చేశారు, ముప్పు ఎక్కువున్నవాళ్ళని వెతికి పట్టుకుని మళ్ళీ మళ్ళీ కలిశారు. కానీ అసలు కొలవాలనుకున్నది, అంటే బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ శాతం, రెండు వైపులా దాదాపు ఒకటే!

నా దృష్టిలో ఇది ఓటమి కాదు. ఈ మధ్య నేను చదివిన వాటిలో ఎక్కువ పనికొచ్చే ఫలితం ఇదే. యాప్ పని చేసినా మనిషి నోట్లో గోళీ పడాలంటే యాప్ చాలదని ఇంత శుభ్రంగా చూపించిన పని ఇంకోటి నేను చూడలేదు. ఆ మిగతా సగం, అంటే డాక్టరు ఆ రోజు ఉన్నాడా, మందు స్టాకు ఉందా, ఎన్ని రోజులకి ఇచ్చారు, మళ్ళీ రావడానికి ఆమెకి కూలి పోతుందా, ఇవి కనుక్కోవడానికి మనిషి కావాలి. లోపల ఉండే మనిషి.

అలా లోపల మనుషుల్ని పెట్టి చేసినదీ ఒకటుంది. దేశవ్యాప్త బీపీ కార్యక్రమం, ఐ.హెచ్.సి.ఐ. అంటారు. 2017 చివర్లో అయిదు రాష్ట్రాల్లో 25 జిల్లాలతో మొదలుపెట్టారు, ఆ అయిదింటిలో తెలంగాణ ఒకటి. ఐ.సి.ఎం.ఆర్., కేంద్ర ఆరోగ్య శాఖ, రాష్ట్రాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేసినది. గొప్ప టెక్నాలజీ ఏం లేదు. రాష్ట్రమంతా ఒకే మందుల క్రమం, చాలాచోట్ల మొదటిది చవకగా దొరికే ఆమ్లోడిపిన్. నెలకి సరిపడా గోళీలు ఒకేసారి ఇవ్వడం. పేషెంటు పేరుతో ఒక కార్డు. ఎవరు రాలేదో లెక్క. వీటన్నిటికీ తోడు జిల్లాల్లో తిరిగే అధికారుల్ని పెట్టారు. దవాఖానలకి వెళ్ళడం, కార్డులు తిరగేయడం, మందులు ఎందుకు అయిపోయాయో కనుక్కోవడం, మళ్ళీ మూడు నెలలకి అంకె మారిందా చూడటం వాళ్ళ పని. దీనికి 2022లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ అవార్డు వచ్చింది. ఇలా తిరగడం కూడా ఒక విద్యే, దాన్ని నేర్పొచ్చు అని దీంతో తేలిపోయింది కదా. మరి మన క్యాంపస్‌లో దాన్ని ఏ డిపార్టుమెంటు నేర్పుతోంది?

ఇక మా పెద్దమ్మ సంగతి. తార్నాకకి దగ్గర్లోనే ఒక బస్తీలో ఉంటుంది. అరవై దాటింది. బీపీ ఉందని తెలిసింది, దగ్గర్లోని దవాఖానలో పది రోజులకి గోళీలు ఇచ్చారు. అయిపోయాక వెళ్తే స్టాకు లేదు, వారం ఆగి రమ్మన్నారు. వారం ఆగి వెళ్ళింది, ఆ రోజు ఇంకేదో క్యాంపు. అంతే, మానేసింది. నేను తిడితే "మంచిగనే ఉన్న కదరా, తల తిరుగుతలేదు ఏం లేదు, ఊకె గోళీలు మింగుడెందుకు?" అంది. ఏడు నెలలు ఆ దవాఖానకి ఈమె రాలేదన్న సంగతి ఏ కాగితం మీదా, ఏ స్క్రీను మీదా కనపడలేదు. తర్వాత ఒక పొద్దున ఎడమ చెయ్యి పడిపోయింది. ఇప్పుడు కాస్త నయం, గ్లాసు పట్టుకుంటుంది, జడ మాత్రం మా అక్క వేయాలి. ఏ దవాఖానో చెప్పను, అక్కడి నర్సమ్మ తప్పేం లేదు. వచ్చినవాళ్ళని చూడటానికే ఆమెకి రెండు చేతులు చాలవు.

మా ఆఫీసులో ఒక కస్టమరు రెండు వారాలు లాగిన్ కాకపోతే ఎర్ర గీత వస్తుంది. దాని మీద మీటింగు పెడతారు. ఎందుకు పోయాడు, ఏ పేజీ దగ్గర పోయాడు అని ముగ్గురు మనుషులు లెక్కలు తీస్తారు. ఆ కస్టమరు ఎక్కడో అమెరికాలో కుక్క బిస్కట్లు కొనుక్కునేవాడు. మా పెద్దమ్మ కోసం ఎర్ర గీత గీసేవాళ్ళు లేరు.

2018లో బస్తీ దవాఖానలు వచ్చాయి, మంచి పని. అదే ఏడాది రక్తపరీక్షలకి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ వచ్చింది, అదీ మంచి పనే. బస్తీలో రక్తం తీసుకుంటారు, నారాయణగూడ ల్యాబుకి వెళ్తుంది. మరి రిపోర్టు వచ్చాక దానికోసం తిరిగొచ్చేవాళ్ళు ఎంతమంది? రానివాళ్ళలో షుగర్ మూడొందలు దాటినవాళ్ళు ఎంతమంది? ఈ ఒక్క ప్రశ్న మీద ఒక పిల్ల ఏడాది కూర్చుంటే ఒక థీసిస్ అవుతుంది, కొన్ని కాళ్ళూ కొన్ని కళ్ళూ మిగులుతాయి. థీసిస్‌కి ఇంతకన్నా మంచి టాపిక్కు ఎవరైనా చెప్పండి, నేను ఈ టపా తీసేస్తా.

ఇంతకీ ఏం చేయాలంటావు అంటే, నేననుకునేది ఇది. ఆరోగ్యం మీద ఫెలోషిప్ తీసుకునే ప్రతి కుర్రాడికీ, పిల్లకీ ఇద్దరు గైడ్లు ఉండాలి. ఒకరు క్యాంపస్‌లో. ఇంకొకరు వైద్య శాఖలో, పీహెచ్‌సీ డాక్టరో జిల్లా అధికారో. మొదటి మూడు నెలలు ప్రశ్నావళి చేత్తో పట్టుకోకూడదు. ఫార్మసిస్టు పక్కన కూర్చుని ఈ-ఔషధిలో ఇండెంట్ ఎలా పెడతారో, పెట్టిన రోజుకీ మందులు దిగిన రోజుకీ మధ్య ఏం జరుగుతుందో చూడాలి. ఏ.ఎన్.ఎం. వెనకాల ఎండలో తిరగాలి. చీటీలు రాసే కిటికీ దగ్గర నిలబడి ఎవరు విసుగుపుట్టి వెనక్కి పోతున్నారో లెక్కపెట్టాలి. ప్రశ్న అప్పుడు పుట్టాలి, దాన్ని పీహెచ్‌సీ వాళ్ళు కూడా "అవును, ఇది మాక్కూడా తెలియాలి" అని ఒప్పుకోవాలి. చివర్లో థీసిస్‌తో పాటు ఆ దవాఖాన స్టాఫు ముందు అరగంట తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషు స్లైడ్లు కాదు, తెలుగులో. అది చెప్పలేనివాడు తన పని తనకే అర్థం కానివాడు.

దీనికి అడ్డం చెప్పేవాళ్ళ మాటల్లో ఒకటి మాత్రం నిజంగా గట్టిది, దాన్ని దాటేసి పోలేను. వైద్య శాఖే గైడు అయితే, వాళ్ళకి నచ్చని ఫలితం వస్తే తొక్కేయరా? తొక్కేస్తారు. మన దేశంలో నచ్చని అంకెలు ఏమవుతాయో అందరికీ తెలుసు. అందుకే ఆ ఒప్పందం మొదటిరోజే కాగితం మీద ఉండాలి: ఫలితం ముందు శాఖకి చూపిస్తాం, నెల రోజుల్లో మీ అభిప్రాయం చెప్పండి, అది కూడా పక్కనే అచ్చు వేస్తాం, కానీ ఆపే హక్కు మీకు లేదు. దాంతో పాటు ఇంకో మాట కూడా ఉండాలి: ఏ ఆశా కార్యకర్త పేరూ, ఏ ఏ.ఎన్.ఎం. పేరూ బయటికి రాదు. ఎందుకంటే పరిశోధకుడు పేపరు వేసుకుని వెళ్ళిపోతాడు, మెమో వచ్చేది ఆమెకి. ఈ భయం పోనంత కాలం రిజిస్టర్లు అప్పటికప్పుడు నిండుతూనే ఉంటాయి, మన పీహెచ్‌డీలన్నీ ఆ నిండిన రిజిస్టర్ల మీదే నడుస్తూ ఉంటాయి.

ఇంకొందరంటారు, ముందు డాక్టర్ల ఖాళీలు నింపండి, పరిశోధన తర్వాత అని. రెండూ కావాలి. మా ఫ్రెండు వెళ్ళిన పీహెచ్‌సీల్లో డాక్టర్లు ఉన్నారు, ఖాళీల్లేవు. షుగర్ పేషెంట్లు మాత్రం సగంలో మాయమవుతున్నారు. ఎందుకో డాక్టర్లకీ తెలియదు.

ప్రాణహిత దాటితే మనకి పక్కనే గడ్చిరోలి. అభయ్ బంగ్, రాణి బంగ్ అమెరికాలో ప్రజారోగ్యం చదువుకొచ్చి 1986లో అక్కడ కూర్చున్నారు. ఊరి ఆడవాళ్ళకే పసికందుల్ని చూసుకోవడం నేర్పితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో 39 ఊళ్ళలో చేసి చూపించారు. 1999లో లాన్సెట్‌లో వచ్చింది. ఆశాలు ఇంటింటికీ వెళ్ళి పసిపిల్లల్ని చూసే పద్ధతి దేశమంతటికీ 2011లో వచ్చింది. పన్నెండేళ్ళు! అంత పేరున్నవాళ్ళ పనికే అంత కాలం పడితే, మామూలు స్కాలరు పని ఎప్పటికి చేరాలి? వాళ్ళంత త్యాగాలు ఇరవై అయిదేళ్ళ పిల్లల నుంచి అడగడం అన్యాయం కూడా. ఊళ్ళో జీవితమంతా ఉండమనట్లేదు నేను. ఫెలోషిప్‌లో ఒక ఏడాది, ఆ ఏడాది అటెండెన్సు పీహెచ్‌సీలో వేయమంటున్నా, ప్రమోషన్లలో దాన్ని లెక్కలోకి తీసుకోమంటున్నా.

డబ్బుల సంగతి అడుగుతారని తెలుసు. 2023 జనవరి నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత 42,000. అది ఎటూ ఇస్తున్నదే, మనిషి క్యాంపస్‌లో కూర్చున్నా పీహెచ్‌సీలో కూర్చున్నా అంతే. కొత్తగా కావాల్సింది పర్మిషన్ లెటరు పదకొండు నెలలు తిరక్కుండా ముందే సంతకం పెట్టిన ఒక ఒప్పందం, పీహెచ్‌సీలో ఒక కుర్చీ, ఇంకో ఆర్టీసీ బస్సు పాసు. కుర్చీ నేను కొనిస్తా, సీరియస్‌గానే చెప్తున్నా.